రాక్షసబల్లి వేటలోకి తుపాకీ ఎప్పుడొచ్చింది?

ఇంతవరకూ భూమ్మీద ఒక్కడంటే ఒక్కడు కూడా చెయ్యని వేట ఏదైనా ఉందంటే అది డైనోసార్ వేట. అవి పోయి సుమారు ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ళయింది. మనలాంటి మనుషులు పుట్టి మహా అయితే మూడు లక్షల ఏళ్ళు. (పక్షులు కూడా డైనోసార్ల సంతతే కదా, మరి ఆదివారం చికెన్ మాటేమిటి అంటారా? ఆ లెక్కన మా వీధి చివర కోళ్ళ దుకాణం ఆయన్ని మించిన వేటగాడు ప్రపంచంలో లేడు.)

అయినా సరే, ఈ జరగని వేట మీద కథలు, సినిమాలు, కంప్యూటరు గేములు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. వాటిల్లో బాగా పేరూ, బాగా చెడ్డపేరూ కూడా తెచ్చుకున్నది 1997 మార్చిలో నింటెండో 64 మీద వచ్చిన 'టురోక్: డైనోసార్ హంటర్'. ఫస్ట్ పర్సన్ షూటర్ అన్నమాట. అంటే తెర మీద హీరో కనపడడు, కింద తుపాకీ పట్టుకున్న చెయ్యి మాత్రం కనపడుతుంది. మీ కళ్ళే వాడి కళ్ళు. ఈమధ్య మళ్ళీ ఓపిగ్గా మొదట్నుంచి చివరిదాకా ఆడాను. గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, ఎన్ని లెవెల్స్, అన్న ధోరణిలో రాద్దామని కూర్చుంటే పేరులో ఉన్న ఆ 'హంటర్' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే ఈ టురోక్ పుట్టినప్పుడు వేటగాడు కాడు.

1954 డిసెంబరులో అమెరికాలో డెల్ కంపెనీ వాళ్ళ 'ఫోర్ కలర్' అనే బొమ్మల పుస్తకాల వరసలో 596వ సంచికగా టురోక్ మొదటిసారి వచ్చాడు. అప్పుడు పేరు 'టురోక్, సన్ ఆఫ్ స్టోన్'. రాతి కొడుకు. అమెరికా మూలవాసి. తెల్లవాళ్ళు ఇంకా ఆ ఖండంలో అడుగు పెట్టకముందు కాలం. తనకన్నా చిన్నవాడైన ఆండార్ అనే కుర్రాడితో కలిసి తిరుగుతూ ఒక గుహలో దారి తప్పి, నాలుగు పక్కలా కొండలున్న లోయలో పడతాడు. అందులో డైనోసార్లు. వాటి పేర్లు వీళ్ళకేం తెలుస్తాయి? 'హాంకర్లు' అని పిలుచుకుంటారు. చేతిలో విల్లు, విషం పూసిన బాణాలు. అవి కూడా తప్పనిసరైతేనే. కథంతా ఒకటే: ఆ లోయలోంచి బయటపడే దారి వెతకడం. ఈ నెల సంచికలో దారి దొరికినట్టే ఉంటుంది, ఆఖరి పేజీలో మూసుకుపోతుంది. ప్రచురణ సంస్థ పేరు మారినా, 1982లో పత్రిక ఆగిపోయేదాకా వాళ్ళ వెతుకులాట మాత్రం ఆగలేదు. మన టీవీ సీరియళ్ళకి తాత అన్నమాట.

నాకు నచ్చిన సంగతేంటంటే, ఆ కథలో డైనోసార్ ఒక ట్రోఫీ కాదు. వానలాగా, వరదలాగా అది ఆ లోయలో ఉండే ఒక ఇబ్బంది. దాన్ని చంపితే వచ్చేదేం లేదు, తప్పించుకుంటే చాలు.

ఇప్పుడు 1982కే రండి. టురోక్ పత్రిక ఆగిన ఆ ఏడాదే ఇంగ్లండులో ఒక గేము మార్కెట్లోకి వచ్చింది. పేరు '3డీ మాన్‌స్టర్ మేజ్'. రాసినవాడు మాల్కం ఎవాన్స్. సింక్లెయిర్ జెడ్ఎక్స్81 అనే కంప్యూటరు కోసం. దాని సొంత మెమరీ 1 కేబీ. అవును, కిలోబైటే. ఈ గేము ఆడాలంటే వెనకాల 16 కేబీ ర్యాం డబ్బా ఒకటి అదనంగా తగిలించాలి. రంగుల్లేవు, చప్పుడు లేదు. బొమ్మ గీయడానికి అడ్డంగా 64, నిలువుగా 48 గళ్ళు. ఆ గళ్ళల్లోనే గోడలు, సందులు, ఎదురుగా నడిచొచ్చే టైరనోసారస్. మీరు ఆ చిక్కుదారుల్లో ఉంటారు. మీ చేతిలో ఏమీ ఉండదు. తుపాకీ లేదు, కత్తి లేదు, మ్యాపు కూడా లేదు. తెర కింద ఒక చిన్న వాక్యం వస్తుంది: అది పొంచి ఉందని, కదిలిందని, దగ్గరికొస్తోందని, ఇక పరిగెత్తమని. అంతే. దారి దొరికితే బతికిపోతారు, లేకపోతే పళ్ళు కనపడతాయి.

ఎమ్యులేటర్ మీద ఒకసారి ఆడి చూడండి. 16 కేబీలో మనిషికి చెమటలు పట్టించడం ఎలాగో అర్థమవుతుంది. ఇవాళ మా ఆఫీసులో ఒక లాగిన్ బటన్ పెట్టడానికి దిగుమతి చేసే లైబ్రరీలు దానికి వెయ్యి రెట్లుంటాయి. వాటివల్ల నాకు పట్టే చెమట వేరే రకం.

సినిమా సంగతి కూడా అలాంటిదే. 1993 జూన్‌లో 'జురాసిక్ పార్క్' వచ్చింది. అందులో తుపాకీ పట్టిన అసలైన వేటగాడు ఒకడున్నాడు గుర్తుందా? మల్డూన్. టోపీ, చేతిలో మాంచి తుపాకీ, వేలాపాళా తెలిసిన మనిషి. ఆయన గురిపెట్టి నిలబడితే పక్క పొదల్లోంచి ఇంకోటి వస్తుంది. తుపాకీ పేల్చకుండానే పోతాడు. బతికిందెవరయ్యా అంటే వంటింట్లో స్టీలు బల్లల వెనకాల నక్కిన పిల్లలు. వెయ్యిసార్లు చూసినా మనకి గుర్తుండేది ఆ వంటిల్లే గానీ పేలిన తుపాకీ కాదు.

అంటే 1954 నుంచి 1993 దాకా నేను చెప్పిన ఈ మూడింట్లోనూ మనిషే ఎర. సాహిత్యంలో వేటగాళ్ళు లేరని కాదు. 1912లో కోనన్ డాయిల్ 'ది లాస్ట్ వరల్డ్'లో లార్డ్ రాక్స్‌టన్ అనే వేటగాడున్నాడు. 1952లో రే బ్రాడ్‌బరీ రాసిన 'ఎ సౌండ్ ఆఫ్ థండర్'లో ఏకంగా టైం మెషీన్లో టూరిస్టుల్ని తీసుకెళ్ళి టైరనోసారస్‌ని కాల్పించే ఒక కంపెనీ ఉంది. 1956లో స్ప్రేగ్ డి కాంప్ 'ఎ గన్ ఫర్ డైనోసార్' అని, ఎంత బరువున్న మనిషి ఎంత తుపాకీ మొయ్యగలడు అన్న లెక్క మీద కథ నడిపాడు. అయితే బ్రాడ్‌బరీ కథలో వేటకెళ్ళిన పెద్దమనిషి ఆ జంతువుని చూడగానే కాళ్ళు చల్లబడి వెనక్కి తిరుగుతాడు. అసలు కథ అక్కడే మొదలవుతుంది. తుపాకీ ఉన్నవాడికి కూడా భయం తప్పదని ఆ రచయితలకి తెలుసు.

మరి ఎప్పుడు మారింది? నా లెక్క ప్రకారం 1993లోనే, సినిమా వచ్చిన ఆ వేసవిలోనే. వాలియంట్ కామిక్స్ అనే కంపెనీ పాత టురోక్‌ని దుమ్ము దులిపి బయటికి తీసి, కొత్త పేరుతో ఒకటో నంబరు సంచిక వేసింది. 'టురోక్, డైనోసార్ హంటర్'. సన్ ఆఫ్ స్టోన్ పోయి హంటర్ వచ్చాడు. అప్పట్లో అమెరికాలో కామిక్స్ కొనడం అంటే షేర్లు కొన్నట్టే. ఒకటో నంబరు సంచిక కొని ప్లాస్టిక్ కవర్లో దాచుకుంటే పిల్లాడి కాలేజీ ఫీజు వస్తుందని నమ్మేవారు. అంచేత తళతళలాడే అట్టతో లక్షల్లో ప్రతులు వేశారు. అవి షాపుల్లో కట్టలు కట్టలుగా మిగిలిపోయాయి. ఎవరి దగ్గర చూసినా ఉన్నది ఎవరికీ అక్కర్లేదు కదా. ఆ బుడగ పగిలిన సందర్భం చెప్పాలంటే ఇవాళ్టికీ కామిక్స్ వాళ్ళు టురోక్ ఒకటో నంబరునే ఉదాహరణగా చెప్తారు. 1994లో అక్లెయిమ్ అనే గేముల కంపెనీ ఆ వాలియంట్‌ని 6.5 కోట్ల డాలర్లకి కొనేసింది. హంటర్ కూడా ఆ బేరంలో చేతులు మారాడు.

ఈ అక్లెయిమ్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే నెత్తుటి కథ ఇక్కడ కలుస్తుంది. 'మోర్టల్ కాంబాట్' అనే తలలు తెంచే గేముని ఇళ్ళలోకి తెచ్చింది వీళ్ళే, 1993 సెప్టెంబరులో. సెగా మెషీన్ మీద ఒక రహస్య కోడు నొక్కితే రక్తం వచ్చేది. నింటెండో వాళ్ళు మాత్రం మాది కుటుంబాల కంపెనీ అని చెప్పి, రక్తం తీయించి దాని బదులు బూడిదరంగు చెమట పెట్టించారు. ఫలితం? సెగా గేము ఎగబడి కొన్నారు, నింటెండోది అంత పోలేదు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా సెనేట్ ఈ గేముల మీద విచారణ పెట్టింది. దాంతో 1994లో పరిశ్రమ తనంతట తానే ఈఎస్ఆర్‌బీ అనే రేటింగ్ సంస్థ పెట్టుకుంది, మన సినిమా సెన్సారు వాళ్ళ 'ఎ' సర్టిఫికెట్ లాగా. ఆ ఏడాదే వచ్చిన రెండో మోర్టల్ కాంబాట్‌లో నింటెండో మీద కూడా రక్తం ఎర్రగానే ఉంది. మూడేళ్ళు తిరిగేసరికి టురోక్. పదిహేడేళ్ళు నిండినవాళ్ళకే అన్న 'ఎం' ముద్ర వేసుకుని, మారియో ఆడే మెషీన్ మీదే దర్జాగా వచ్చింది. ముద్ర వెయ్యడం మొదలుపెట్టాక రక్తం తగ్గలేదు, లైసెన్సు దొరికింది.

సరే, గేములోకి వద్దాం. తయారుచేసింది టెక్సాస్, ఆస్టిన్‌లో ఉన్న ఇగ్వానా ఎంటర్‌టైన్‌మెంట్. (బల్లి పేరున్న కంపెనీ డైనోసార్ గేము చెయ్యడం కాకతాళీయమే.) అమెరికాలో రేటు దాదాపు 80 డాలర్లు. ఆ రోజుల్లో సీడీ మీద వచ్చే గేముల కంటే చాలా ఎక్కువ, ఎందుకంటే ఇది కార్ట్రిడ్జ్. గేము మొత్తం 8 ఎంబీ. మెషీన్‌లో ర్యాం 4 ఎంబీ. ప్రాసెసరు 94 మెగాహెర్ట్జ్ కూడా నిండదు. గోడ మీదా నేల మీదా అతికించే బొమ్మల కోసం ఉన్న క్యాష్ 4 కేబీ. ఇంత ఇరుకులో అడవి కావాలి, కొండలు కావాలి, పరిగెత్తే జంతువులు కావాలి. ఎలా?

మంచుతో. టురోక్ చూసినవాళ్ళెవరికైనా ముందు గుర్తొచ్చేది ఆ మంచే. పదిహేను ఇరవై అడుగుల అవతల ఏమీ కనపడదు, తెల్లటి తెర. దూరంగా ఉన్నవి గీయడానికి మెషీన్‌కి శక్తి చాలదు. గీయకపోతే చెట్లు ఉన్నట్టుండి గాల్లోంచి ఊడిపడ్డట్టు కనపడతాయి. అది దాచడానికి పొగమంచు కప్పారు. మా భాషలో చెప్పాలంటే వర్కరౌండ్. విమర్శకులందరూ దాన్ని తిట్టారు. నేను మాత్రం ఆ మంచే ఈ గేములో అన్నిటికన్నా మంచి సంగతి అంటాను. ఎందుకంటే తుపాకుల సంతలో భయం అన్నది మిగిలింది ఆ మంచు వల్లే. ముందు చప్పుడు వినపడుతుంది, గోళ్ళతో నేల గీకుతున్నట్టు. ఏ పక్కనుంచో తెలీదు. తర్వాత తెల్లదనంలో ఒక మచ్చ. అది రాప్టర్ అని తెలిసేసరికి మీ మీద ఉంటుంది. మాల్కం ఎవాన్స్ గళ్ళల్లోంచి నడిచొచ్చిన జంతువు తాలూకు చుట్టమే ఇది. ఆయనకి 16 కేబీ, వీళ్ళకి 4 ఎంబీ, రెండుచోట్లా భయం పుట్టింది మెషీన్ చేతగానితనంలోంచే.

మిగతాదంతా ఆయుధాల జాబితా. కత్తితో, విల్లుతో మొదలవుతుంది. ఈ విల్లు బాగుంటుంది, తాడు ఎంతసేపు లాగితే బాణం అంత బలంగా పోతుంది, పాత టురోక్ ఛాయ అక్కడొక్కచోటే ఉంది. తర్వాత పిస్తోలు, షాట్‌గన్, రాకెట్ లాంచర్, పార్టికల్ యాక్సిలరేటర్, ఫ్యూజన్ కెనాన్. ఎనిమిది లోకాలు, ఎనిమిది ముక్కలుగా దొరికే క్రోనోసెప్టర్ అనే ఒక దండం. చివర్లో టైరనోసారస్ కూడా వస్తుంది, కానీ దానికి ఇనప కవచాలు తొడిగి, నోట్లోంచి నిప్పు కక్కించారు. నాకు నవ్వొచ్చింది. తొమ్మిది టన్నుల మాంసాహారి చాల్లేదా బాబూ? చాలదు మరి. మీ భుజం మీద నాలుగు గొట్టాల రాకెట్ లాంచర్ ఉన్నప్పుడు మామూలు టైరనోసారస్ వీధికుక్కతో సమానం.

హింస మాటకొస్తే, అందులో ఎక్కువగా చచ్చేది మనుషులు. గొంతుకి తగిలితే రెండు చేతులతో మెడ పట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి రక్తం చిమ్ముతుంటే మోకాళ్ళ మీద కూలిపోతారు. నిజం మనుషుల కదలికల్ని రికార్డు చేసి మరీ పెట్టారు. 1997లో అది చూసి జనం నోళ్ళు తెరిచారు. ఇప్పుడు చూస్తే మూలలు తేలిన చెక్కబొమ్మలు. డైనోసార్లయితే చచ్చి పడి, కాసేపటికి మాయమైపోతాయి. గీసిన శవం కూడా మెమరీ తింటుంది కదా, తుడిచెయ్యాలి. వాటి స్థానంలో ఇంకోటి పుడుతుంది. ఒక గంట ఆడేసరికి ఎన్ని చంపారో మీకే గుర్తుండదు. పది లక్షలకి పైగా అమ్ముడుపోయింది, అక్లెయిమ్ నష్టాల్లోంచి తేరుకుంది.

ఇహ 1998. ఒకే ఏడాదిలో మూడు గేములు. ముగ్గురూ ఒకే ప్రశ్న తీసుకుని మూడు జవాబులు రాశారనిపిస్తుంది.

మొదటిది 'టురోక్ 2'. ఇందులో సెరిబ్రల్ బోర్ అనే ఆయుధం ఉంది. ఎదుటివాడి మెదడు తరంగాల్ని పసిగట్టి, ఎగురుకుంటూ పోయి, తలకి అతుక్కుని, బర్రుమని తొలిచి, పేలుతుంది. గురి చూడక్కర్లేదు. పక్కకి తిరిగి టీ తాగొచ్చు. డైనోసార్లు దాదాపు పోయాయి, వాటి బదులు రెండు కాళ్ళ మీద తుపాకీ పట్టుకుని నడిచే బల్లిమనుషులు వచ్చారు. వేటకి జంతువు కూడా అక్కర్లేదని తేలిపోయింది.

రెండోది 'ట్రెస్‌పాసర్'. జురాసిక్ పార్క్ సినిమాల కొనసాగింపు. డ్రీమ్‌వర్క్స్ ఇంటరాక్టివ్ తయారీ, నాయకుడు సీమస్ బ్లాక్లీ, భౌతికశాస్త్రం చదివినాయన. ఇందులో ఆన్ అనే అమ్మాయి విమానం కూలి దీవిలో పడుతుంది. తెర మీద అంకెలేవీ ఉండవు. ప్రాణం ఎంతుందో చూడాలంటే తల వంచి తన గుండెల మీద ఉన్న పచ్చబొట్టు చూసుకోవాలి. (అవును, అది ఎందుకు పెట్టారో మీరూ నేనూ ఊహించగలం.) చెయ్యి నిజం చెయ్యిలా కదులుతుంది, మౌసుతో మణికట్టు తిప్పి, వేళ్ళతో తుపాకీ పట్టుకోవాలి. గుండ్లు కొన్నే, మళ్ళీ నింపడం లేదు. ఎన్ని మిగిలాయో ఆ అమ్మాయే నోటితో చెప్తుంది. కాగితం మీద ఎంత బాగుందో చూడండి! భయం, బరువు, లెక్క, అన్నీ ఉన్నాయి. ఆడితే మాత్రం చెయ్యి రబ్బరు గొట్టంలా ఊగుతుంది, తుపాకీ జారి కింద పడుతుంది, రాప్టర్ తన కాళ్ళు తనే తొక్కుకుని దొర్లుతుంది. గడువులోగా పూర్తికాని ప్రాజెక్టు ఎలా ఉంటుందో మాలాంటివాళ్ళకి ఒక్క చూపులో తెలిసిపోతుంది. సుమారు యాభై వేల కాపీలు మాత్రమే పోయాయి. బ్లాక్లీ 1999లో మైక్రోసాఫ్ట్‌కి వెళ్ళి ఎక్స్‌బాక్స్ పుట్టించినవాళ్ళలో ఒకడయ్యాడు, కాబట్టి ఆయన కథ సుఖాంతమే.

మూడోది నేను ఇవాళ అసలు చెప్పదలుచుకున్నది. 'కార్నివోర్స్'. చేసింది ఉక్రెయిన్, కీవ్ నగరంలోని యాక్షన్ ఫామ్స్. వీళ్ళేమీ సాధువులు కారు, అంతకు ముందు ఏడాదే 'ఖాజమ్: ది రిఫ్ట్' అని రాక్షసుల చేతులూ కాళ్ళూ ఒక్కొక్కటిగా ఊడగొట్టే గేము చేసినవాళ్ళు. మనకి ఇంకో సంగతి కూడా ఉంది. టురోక్ పీసీ మీద కూడా వచ్చింది గానీ దానికి 3డీ కార్డు కావాలి. అప్పట్లో మన హాస్టళ్ళలో ఉండే పెంటియం డబ్బాలకి కార్డు ఎక్కడిది? కార్నివోర్స్ కార్డు లేకుండానే నడిచేది. అందుకే మా తరంలో టురోక్ పేరు విన్నవాళ్ళు ఎక్కువ, కార్నివోర్స్ ఆడినవాళ్ళు ఎక్కువ.

కథ రెండు ముక్కలు. డైనోసార్లున్న ఒక గ్రహం దొరికింది. ఒక కంపెనీ అక్కడికి డబ్బున్న వేటగాళ్ళని తీసుకెళ్తుంది. బ్రాడ్‌బరీ కంపెనీ మళ్ళీ తలుపులు తెరిచిందన్నమాట. ముందే ఎంచుకోవాలి: ఏ దీవి, ఏ జంతువు, ఏ తుపాకీ. తర్వాత అంత పెద్ద మైదానంలో ఒంటరిగా దిగుతారు. ఏమీ జరగదు. నిజంగానే ఏమీ జరగదు. గాలి చప్పుడు, దూరంగా ఏదో అరుపు. మూలలో గాలి ఎటు వీస్తోందో చూపించే ఒక ముల్లు. గాలి మీ వైపు నుంచి జంతువు వైపు వీస్తే మీ వాసన పసిగట్టి వెళ్ళిపోతుంది. అడుగుల చప్పుడు విన్నా వెళ్ళిపోతుంది. శాకాహారైతే పారిపోతుంది, మాంసాహారైతే మీ దగ్గరికే వస్తుంది. చుట్టూ తిరిగి, గాలికి ఎదురుగా, వంగి వంగి, ఇరవై నిమిషాలు నడిచి ఒక్క గుండు కాలుస్తారు. తప్పితే ఆ ఇరవై నిమిషాలూ గంగలో. రాడారు తీసుకోవచ్చు, వాసన తగ్గించే మందు తీసుకోవచ్చు, కానీ సుఖం పెరిగినకొద్దీ మార్కులు తగ్గుతాయి. టైరనోసారస్‌ని వొంటి మీద ఎన్నిసార్లు కాల్చినా చావదు. కంట్లో తగలాలి. ఆ కన్ను మీ వైపు పరిగెత్తుకొస్తున్న తలలో ఉంటుంది. రెండో అవకాశం ఉండదు.

పడ్డాక ఆకాశంలోంచి ఒక ఓడ వచ్చి ఆ కళేబరాన్ని ఎత్తుకుపోతుంది. తర్వాత మీ ట్రోఫీ గదిలో దాన్ని నిలబెడతారు, ఎంత బరువు, ఎంత దూరం నుంచి కొట్టారు అన్న వివరాలతో సహా. పాత జమీందారుల బంగళాల్లో పులి తలల కింద ఇత్తడి పలకలుండేవే, అచ్చం అలాగే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ పలకలు కొత్తవి పెట్టడం ఆగింది. ఇది ఆ షికారే, దొరతనంతో సహా. ఆ విషయంలో నాకు ఏ భ్రమా లేదు.

రక్తం తక్కువ, తెగిపడే అవయవాలు లేవు, మనుషుల్ని చంపడం అసలే లేదు. రేటింగ్ వేసేవాళ్ళ చూపులో టురోక్ ముందు ఇది పాలు తాగే పిల్లాడు. కానీ ఆడినవాళ్ళని అడగండి. టురోక్‌లో చంపిన వెయ్యి రాప్టర్లలో ఒక్కటీ గుర్తుండదు. కార్నివోర్స్‌లో మొదటిసారి కొట్టిన జంతువు ఏ చెట్టు పక్కన పడిందో ఇప్పటికీ చెప్పగలరు.

మా అక్క కొడుక్కి పదకొండేళ్ళు. వాడికి ఏ గేము కొనిచ్చినా ముందు అక్క నాకు ఫోను చేసి అడిగే ప్రశ్న ఒకటే: "ఒరేయ్, అందులో రక్తం ఉంటుందా?" కార్నివోర్స్‌ని కొన్నేళ్ళ క్రితం మళ్ళీ కొత్తగా చేసి వదిలారు. అది నా దగ్గరుంటే సెలవులకి వచ్చినప్పుడు వీడికి చూపించాను. మొదటిరోజు కనపడ్డదాని మీదల్లా టపటపా పేల్చాడు, ఒక్కటీ తగల్లేదు, అన్నీ పారిపోయాయి. "మావయ్యా, బోర్ గేము" అన్నాడు. మూడోరోజుకి ఒక బండ వెనక కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాడు. చాలాసేపటికి ఒక పారాసారొలోఫస్ నీళ్ళ దగ్గరికొచ్చింది. తల మీద పొడుగాటి కొమ్ములాంటి గొట్టం ఉంటుందే, గడ్డి తినేది, అది. కాల్చాడు. పడింది. ఎగిరి గంతులేస్తాడనుకున్నాను. తెర వైపే చూస్తూ "ఇది మనల్నేం చెయ్యలేదు కదా మావయ్యా?" అన్నాడు.

చెయ్యలేదు. ఏం చెప్పాలో తోచక "మత్తుమందు గుళ్ళు కూడా ఉన్నాయి, అవి పెట్టుకో" అన్నాను. పెట్టుకున్నాడు. టురోక్ ఆడుతున్నప్పుడు ఆ ప్రశ్న వాడికే కాదు, నాకూ రాలేదు. అక్కడ కనపడ్డ ప్రతిదీ మన మీదకే వస్తుంది, కాబట్టి కాల్చడానికి కారణం వెతుక్కోక్కర్లేదు. అక్క అడిగే ప్రశ్నకి 'లేదు' అన్న జవాబొచ్చిన గేములో వాడికి ఆ ప్రశ్న వచ్చింది. ఇందులో హింస ఎక్కువా తక్కువా అంటే నేను ఎక్కువనే అంటాను, ఎందుకంటే ఇక్కడ చచ్చేదానికి బతుకు ఉంది. అది నీళ్ళు తాగుతుంది, వాసన చూస్తుంది, చప్పుడుకి తల తిప్పుతుంది. అయినా సరే పిల్లాడికి ఏది ఇస్తావు అంటే ఇదే ఇస్తాను. ఈ విషయంలో అక్కకీ నాకూ ఇంకా కుదరలేదు. వాడు ఏడిస్తే ఎవరు సముదాయించాలి అంటుంది. అదీ నిజమే.

పిట్టకథ ఒకటి. ఈ వీడు హైదరాబాదులో బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరాన్ని చూసినవాడే. మన గోదావరి లోయలో, యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలవి. 1988లో యాదగిరి అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. పొడుగు మెడ, ఆకులు తినే జంతువు. ఏ గేములోనూ దాన్ని పెట్టినట్టు నేను చూడలేదు. గోళ్ళూ కోరలూ లేనిదానికి గేముల్లో వేషం దొరకదు.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. బజారు టురోక్ వైపే నిలబడింది. 2002లో 'టురోక్: ఎవల్యూషన్' ప్రచారానికి అక్లెయిమ్ వాళ్ళు, పుట్టిన బిడ్డకి టురోక్ అని పేరు పెట్టే తల్లిదండ్రులకి పదివేల డాలర్లిస్తామని ప్రకటించారు. ఇంగ్లండులో తమ పేరు టురోక్‌గా మార్చుకున్న పెద్దవాళ్ళకి కూడా డబ్బు ఆశ చూపించారు. పేరుకి ఆ గతి పట్టాక కంపెనీ ఎన్నాళ్ళుంటుంది? 2004 సెప్టెంబరులో దివాలా తీసింది. 2008లో డిస్నీ వాళ్ళ స్టూడియో ఒకటి మళ్ళీ టురోక్ తెచ్చింది, ఈసారి వాడు భవిష్యత్తులో ఒక కమాండో, కత్తితో రాప్టర్ గొంతు కోస్తాడు. బాగానే అమ్మింది, అయినా తర్వాతి భాగం ఆపేశారు, 2011లో స్టూడియోనే మూసేశారు. 2023లో క్యాప్‌కామ్ 'ఎక్సోప్రైమల్' అని ఒకటి వదిలింది. అందులో ఆకాశానికి చిల్లుపడి రాప్టర్లు వడగళ్ళలా కురుస్తాయి. వందలు వందలుగా. మీరు ఇనుప సూట్లో నిలబడి ఊడ్చేస్తుంటారు. నేను ఒక పూట ఆడి, వాకిలి చిమ్మినంత సంతృప్తితో లేచాను :)

ఆడాలనుకునేవాళ్ళకి. మొదటి టురోక్‌ని 2015లో నైట్‌డైవ్ స్టూడియోస్ వాళ్ళు ఇప్పటి కంప్యూటర్లకి తగ్గట్టు మళ్ళీ తయారుచేశారు, చక్కగా నడుస్తుంది. అందులో మంచుని బాగా దూరం నెట్టారు. రాప్టర్లు ఆమడ దూరం నుంచే కనపడతాయి, తాపీగా కాల్చుకోవచ్చు. పాత మంచు కావాలంటే నింటెండో కార్ట్రిడ్జ్ వెతుక్కోవచ్చు. కార్నివోర్స్ 2010 తర్వాత ఫోన్ల మీదకీ, 2021లో పీసీ మీదకీ వచ్చింది. పాత రెండో భాగం, అంటే 1999ది, ఇంకా బాగుంటుంది. ట్రెస్‌పాసర్ డిజిటల్ దుకాణాల్లో దొరకదు, పాతికేళ్ళ నాటి సీడీ సంపాదించి, అభిమానులు రాసిన ప్యాచ్‌లు వేసుకోవాలి. నేను వేసుకున్నాను. చెయ్యి ఇంకా ఊగుతూనే ఉంది.